మా ఇంటి సోలార్ ప్లేటు ఎక్కడి నుంచి వచ్చిందంటే



ముందు ఒక చిన్న పని చేద్దాం. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది కదా, ఒకసారి వెదర్ యాప్ ఓపెన్ చేయండి. రేపు ఏం చూపిస్తోంది? మబ్బు బొమ్మా, వాన బొమ్మా? సరే, చూశారుగా, ఇక పక్కన పెట్టేయండి. ఆ బొమ్మ మీ స్క్రీన్ మీదికి రావడం వెనక ఎక్కడో సముద్రం మధ్యలో ఊగుతున్న ఒక పసుపు రంగు తేలుడు యంత్రం కూడా ఉంది. ఈ రోజు దాని గురించి మాట్లాడతాను. దాంతోపాటు మా చిన్న మావయ్య గురించి కూడా. ఎందుకంటే వాళ్లిద్దరికీ ఒక పాత లెక్క ఉంది.

నేను హైటెక్ సిటీలో పని చేస్తాను. డేటా ఇంజనీర్‌ని. ఒక చోట పుట్టిన డేటాని శుభ్రం చేసి ఇంకో చోటికి చేర్చడమే నా ఉద్యోగం. పొద్దున్న ప్రగతి నగర్‌లో బండి తీసి మైండ్‌స్పేస్ దాకా వస్తాను. ట్రాఫిక్ లేకపోతే అరగంట. ట్రాఫిక్ లేని రోజు ఎప్పుడు అని మాత్రం నన్ను అడగకండి.

మాది కాకినాడ పక్కన, ఉప్పాడ దగ్గర ఊరు. ఉప్పాడ అనగానే మీకు జాందానీ చీరలు గుర్తొస్తాయి. మాకు సముద్రం తినేసిన వీధులు గుర్తొస్తాయి. అమ్మ చిన్నప్పుడు ఆడుకున్న చోట ఇప్పుడు బోట్లు తిరుగుతున్నాయి. మా వాళ్లంతా వేటకెళ్లేవాళ్లే. అమ్మకి ఇద్దరు అన్నదమ్ములు. పెద్ద మావయ్యని నేను ఫోటోలోనే చూశాను. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుఫానులో వేటకెళ్లి తిరిగి రాలేదు. మా జిల్లాలో ఆ తుఫాను గురించి తెలియని ఇల్లు ఉండదు. కాకినాడకి దక్షిణంగా, కోనసీమ దగ్గర తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది సముద్రంలో ఉన్న వేటగాళ్లు. నాకప్పటికి ఏడాది కూడా నిండలేదు.

చిన్న మావయ్య మాత్రం వేట మానలేదు. సోనా బోటులో వెళ్లేవాడు. సూర చేపల కోసం వారం, పది రోజులు లోపలికి వెళ్లిపోయేవారు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి వేట నుంచి వస్తూ చేపలతో పాటు ఒక సోలార్ ప్లేటు, ఒక బ్యాటరీ తెచ్చాడు. ప్లేటు చుట్టూ మంచి గట్టి ఫ్రేము. "ఎక్కడిది మావయ్యా?" అంటే, "గంగమ్మ ఇచ్చిందిరా" అన్నాడు. అంతే, ఇంకెవరూ అడగలేదు.

ఆ ప్లేటు మా డాబా మీద పెట్టారు. కరెంటు పోతే దానికి తగిలించిన లైటు వెలిగేది. అప్పట్లో మా ఊళ్లో కరెంటు ఎంత తరచుగా పోయేదో ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పదో తరగతి పరీక్షలకి నేను చదివింది ఆ లైటు కిందే. మార్కులు బాగా వచ్చాయి. తర్వాత ఇంటర్, ఇంజనీరింగ్, క్యాంపస్ సెలెక్షన్, హైదరాబాద్. ఆ ప్లేటు సంగతే మర్చిపోయాను.

మళ్లీ గుర్తొచ్చింది 2020 అక్టోబర్‌లో.

ఆ నెల 13వ తేదీ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "తీవ్ర వాయుగుండం అంటరా, మన కాకినాడ దగ్గరే దాటింది, గాలి గట్టిగా ఉంది, నువ్వు భయపడకు" అని. నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు. మనం ఇక్కడ సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, రాళ్ల గుట్టల మీద ఉన్నాం కదా. అదే వాయుగుండం సాయంత్రానికి తెలంగాణ మీదికి వచ్చేసింది. రాత్రికి నగరంలో చాలా చోట్ల 20 సెంటీమీటర్ల దాకా పడింది, ఘట్‌కేసర్ వైపు 30 దాటింది. కాలనీలు చెరువులయ్యాయి, కార్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా బండి హ్యాండిల్ ఒక్కటే నీళ్ల పైకి కనిపిస్తోంది. పొద్దున్న మా అమ్మ ఇంటి మీదుగా వెళ్లిన మబ్బు, రాత్రికి నా ఇంటికొచ్చింది.

ఆ రాత్రి కరెంటు లేదు, నిద్ర లేదు. ఫోన్‌లో పది శాతం ఛార్జింగ్. అప్పుడు బుర్రలో ఒక ప్రశ్న తిరిగింది. ఇది పుట్టింది బంగాళాఖాతంలో. అక్కడ ఏం జరుగుతోందో మనకి చెప్పేది ఎవరు?

దానికి సమాధానం మా ఫ్లాట్‌కి కాస్త దూరంలోనే ఉందని తర్వాత తెలిసింది. ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ అని ఒక సంస్థ ఉంది. పూర్తి పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. రోజూ దాని మీదుగానే వెళ్లేవాణ్ణి, బోర్డు కూడా చూశాను. "సముద్రానికి ఆఫీసు హైదరాబాద్‌లో ఏంట్రా" అని ఫ్రెండ్స్‌తో జోకులేశాం కూడా. మన సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 చివర్లో. ఇన్‌కాయిస్ వచ్చింది 1999లో. అంటే ఈ ఊరు ప్రపంచం మొత్తం డేటాని చూసుకోవడం మొదలుపెట్టిన కాలంలోనే, సముద్రం డేటాని కూడా ఇక్కడ చూసుకోవడం మొదలైంది. తర్వాతి రోజుల్లో ఇస్రో ఛైర్మన్ అయి, మంగళ్‌యాన్ నడిపించిన కె. రాధాకృష్ణన్ గారు దీనికి వ్యవస్థాపక డైరెక్టర్‌గా పని చేశారు. అది చాలామందికి తెలీదు.

సముద్రంలో యంత్రాలు పెట్టే పని ఎక్కువగా చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థది. దాన్ని నియాట్ అంటారు. వాళ్ల బోయాల కార్యక్రమం, అంటే నేషనల్ డేటా బోయ్ ప్రోగ్రామ్, నార్వే సహకారంతో మొదలైంది ఏ సంవత్సరమో తెలుసా? 1996. మా పెద్ద మావయ్య పోయిన సంవత్సరం.

ఇంతకీ బోయా అంటే ఏంటి? హార్బర్‌లో దారి చూపించడానికి తేలే డ్రమ్ముల్లాంటివి చూసుంటారు కదా, అదే కుటుంబం. కాకపోతే ఇది చాలా పెద్ద చదువు చదువుకున్నది. నియాట్ వాళ్లు తయారు చేసిన ఓమ్ని అనే రకం తీసుకుందాం. రెండు మీటర్ల పైచిలుకు వెడల్పున్న గుండ్రటి తేలుడు బల్ల, దాని మీద ఒక స్తంభం. స్తంభం మీద గాలి వేగం, గాలి దిక్కు, తేమ, పీడనం, వాన, ఎండ కొలిచే సెన్సర్లు. మధ్యలో సోలార్ ప్లేట్లు, లోపల బ్యాటరీలు. పైన శాటిలైట్‌తో మాట్లాడే యాంటెనా.

పైన కనిపించేది ఇంత. అసలు సరుకు కిందుంది. బోయా నుంచి కిందికి ఒక ఉక్కు తీగ దిగుతుంది. దానికి ఇన్ని మీటర్లకి ఒకటి చొప్పున 500 మీటర్ల లోతు దాకా సెన్సర్లు బిగిస్తారు. నీటి వేడి ఎంత, ఉప్పదనం ఎంత అని అవి కొలుస్తాయి. ఇక్కడ మన ఇంజనీర్లకి నచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఒక్కో సెన్సర్‌కి విడిగా వైరు లాగరు. లంగరు మోసే ఆ ఉక్కు తీగే డేటా కేబుల్ కూడా. ఉప్పునీరు కరెంటుని మోస్తుంది కాబట్టి, తీగ ఒక వైపు, సముద్రం ఇంకో వైపు కలిసి సర్క్యూట్ పూర్తవుతుంది. సముద్రాన్నే వైరుగా వాడుకున్నారు! నేను మొదటిసారి చదివినప్పుడు ఆఫీసులో పక్కవాణ్ణి పిలిచి మరీ చెప్పాను. వాడు "ఓకే బ్రో" అన్నాడు. పోనీలెండి.

ఆ తీగ కింద నైలాన్ తాడు, కిలోమీటర్ల కొద్దీ. బంగాళాఖాతం మధ్యలో లోతు మూడు కిలోమీటర్లు ఉంటుంది కదా. అట్టడుగున టన్నుల బరువు. అమెరికా వాళ్లు తమ బోయాలకి పాత రైలు చక్రాలు కట్టి దించేవారు. తాడుని బిగుతుగా లాగి కట్టరు, కొంచెం వదులుగా ఉంచుతారు. లేకపోతే పెద్ద అలకి తెగిపోతుంది. బరువుకి కాస్త పైన ఒక తాళం ఉంటుంది. బోయాని బయటికి తీయాల్సినప్పుడు ఓడ అక్కడికొచ్చి నీళ్లలోకి ఒక శబ్దం పంపిస్తుంది. ఆ శబ్దం కోడ్ సరిపోతే తాళం తెరుచుకుంటుంది. బరువు కిందే ఉండిపోతుంది, మిగతాది పైకొస్తుంది. ఓటీపీ అనుకోండి.

"శాటిలైట్లు ఉన్నాయి కదా, ఇదంతా ఎందుకు?" అని మీరు అడగొచ్చు. నేనూ అదే అనుకున్నాను.

శాటిలైట్ సముద్రం పైపొరని చూస్తుంది. లోపల ఉన్న వేడిని నేరుగా కొలవలేదు. పైగా నీటి వేడిని ఇన్‌ఫ్రారెడ్‌తో చూసే శాటిలైట్‌కి మబ్బు అడ్డం. అంటే తుఫాను పుడుతున్నప్పుడే, అంటే మనకి బాగా అవసరమైనప్పుడే దానికి కళ్లు మూసుకుపోతాయి. 1982లో జరిగింది వినండి. ఆ ఏడాది మెక్సికోలో ఎల్ చిచోన్ అనే అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి ఆకాశంలో ఎత్తున పరుచుకుంది. దాని వల్ల శాటిలైట్లు సముద్రాన్ని ఉన్నదానికంటే చల్లగా చూపించాయి. కింద పసిఫిక్ సముద్రంలో ఆ శతాబ్దంలోనే పెద్ద ఎల్ నినోల్లో ఒకటి పెరుగుతోంది. శాస్త్రవేత్తలకి అది బాగా ముదిరాక గానీ తెలియలేదు. పెరూలో వరదలు, ఆస్ట్రేలియాలో కరువు. మన దగ్గర కూడా 1982 వానాకాలం దెబ్బతింది.

ఆ దెబ్బతో పసిఫిక్ భూమధ్యరేఖ పొడవునా దాదాపు 70 బోయాలు వరుసగా పెట్టారు. 1994 చివరికి ఆ వరుస పూర్తయింది. తర్వాత 1997లో వచ్చిన ఎల్ నినోని రోజురోజుకీ చూడగలిగారు. మన హిందూ మహాసముద్రంలో అలాంటిదే రామా అనే వరుస 2004లో మొదలైంది. అందులో మొదటి బోయాలు దించింది మన సాగర్ కన్య ఓడ మీద నుంచే.

బంగాళాఖాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, మన గోదావరి, కృష్ణ అన్నీ దీంట్లోనే కలుస్తాయి. నది నీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుకని వానాకాలం అయ్యాక నది నీరు పైన పొరలా పరుచుకుంటుంది. చేపల పులుసు మీద నూనె తేరుకున్నట్టు అనుకోండి. మామూలు సముద్రంలో తుఫాను వచ్చిందంటే కవ్వం పెట్టి చిలికినట్టు చిలుకుతుంది. అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది, తుఫానుకి అందే వేడి తగ్గుతుంది, అది కొంచెం నీరసపడుతుంది. తన కాలు తనే నరుక్కున్నట్టు. కానీ బంగాళాఖాతంలో ఈ తేలిక పొర మూతలా అడ్డం ఉంటే అడుగు చల్లదనం అంత సులువుగా పైకి రాదు. తుఫానుకి వేడి అందుతూనే ఉంటుంది. కాబట్టి ఒక వాయుగుండం ముదురుతుందా, లేదా అనేది పైన ఎంత వేడి ఉంది అన్నదాని మీదే కాదు, కింద ఎన్ని మీటర్ల దాకా వేడి ఉంది, ఉప్పు ఎంత ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అది తెలియాలంటే అక్కడ, ఆ నీళ్లలో, ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి. ఆర్గో అని తేలుతూ మునుగుతూ తిరిగే యంత్రాలు కూడా ఉన్నాయి, అవీ చాలా గొప్పవి. కానీ అవి ప్రవాహంతో పాటు కొట్టుకుపోతాయి, సాధారణంగా పది రోజులకోసారి పైకొచ్చి లెక్క చెప్తాయి. తుఫాను పది రోజులు ఆగదు కదా. ఒకే చోట నిలబడి గంట గంటకీ చెప్పేది బోయా ఒక్కటే.

2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను ఒడిశా వైపు వెళ్తున్నప్పుడు దాని దారిలో బీడీ10 అనే ఓమ్ని బోయా ఉంది. పారిపోలేదు, లంగరు మీదే నిలబడింది. పీడనం ఎలా పడిపోయిందో, గాలి ఎలా తిరిగిందో, కింద నీళ్లు ఎలా కలిసిపోయాయో అన్నీ నమోదు చేసింది. ఏ ఓడా ఆ టైంలో అక్కడికి వెళ్లలేదు.

ఇక లెక్క చూద్దాం. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే దాదాపు 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. బంగాళాఖాతం 20 లక్షలకి పైనే. బంగాళాఖాతం, అరేబియా సముద్రం రెండింట్లో కలిపి మన ఓమ్ని బోయాలు డజను, అటూ ఇటూ. అంటే ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా, జహీరాబాద్ నుంచి ఇచ్ఛాపురం దాకా మొత్తానికి ఒక్కటే థర్మామీటర్ పెట్టినట్టు. అది పని చేయకపోతే? మొత్తం చీకటే.

2020 వరద తర్వాత నేను చేసింది అదే. వీకెండ్ ప్రాజెక్ట్ లాగా, అందరికీ అందుబాటులో ఉన్న రామా డేటా డౌన్‌లోడ్ చేసి గ్రాఫులు గీశాను. మీరూ చూడొచ్చు, ఫ్రీ. వేడి గీత వస్తోంది, వస్తోంది, ఉన్నట్టుండి తెగిపోయింది. నెలల తరబడి ఖాళీ. మళ్లీ మొదలైంది. మళ్లీ ఖాళీ. మా ఫీల్డ్‌లో ఖాళీ కనిపిస్తే మొదట మన కోడ్‌నే అనుమానిస్తాం. రెండు రాత్రులు కోడ్ వెతికాను. తప్పు లేదు.

తర్వాత కారణాలు చదివాను. కొన్ని ప్రకృతి పనులు. గవ్వల్లాంటి జీవులు సెన్సర్ల మీద ఇల్లు కట్టుకుంటాయి. తుప్పు పడుతుంది. పక్షులు సోలార్ ప్లేట్ల మీద ఏం చేస్తాయో మీకు తెలుసు. కొన్ని మనుషుల పరిస్థితులు. సోమాలియా దొంగల భయంతో కొన్నేళ్లు అటువైపు బోయాలు పెట్టలేకపోయారు. కరోనా టైంలో ఓడలు వెళ్లలేదు. పసిఫిక్‌లో కూడా ఓడకి డబ్బు తగ్గించేసరికి 2014 నాటికి ఆ గొప్ప వరుస నుంచి వచ్చే డేటా సగం కూడా లేకుండా పోయింది.

ఇంకో కారణం దగ్గర ఆగిపోయాను. బోయాల్ని పాడు చేయడం. ప్రపంచమంతా ఉన్న సమస్యే. సముద్రంలో తేలే ఏ వస్తువు కిందైనా చేపలు చేరతాయి. చిన్న చేపల కోసం పెద్దవి వస్తాయి. సూర చేపలకి అది బాగా ఇష్టం. కాబట్టి బోట్లు కూడా అక్కడికే వస్తాయి. రాత్రికి బోయాకే తాడు కడతారు. బోటు బరువుకి తాడు, సెన్సర్లు దెబ్బతింటాయి. కొందరు పైనున్న సామాను విప్పుకుపోతారు. బ్యాటరీలు, సోలార్ ప్లేట్లు.

ఆ పేజీలో ఒక ఫోటో ఉంది. పసుపు బల్ల, మధ్యలో స్తంభం, చుట్టూ గట్టి ఫ్రేములో సోలార్ ప్లేట్లు. ఒక ప్లేటు ఉండాల్సిన చోట ఖాళీ బోల్టులు.

నేను పదో తరగతి చదివిన లైటు గుర్తొచ్చింది.

వెంటనే మావయ్యకి ఫోన్ చేశాను. "మావయ్యా, అప్పట్లో నువ్వు తెచ్చిన సోలార్ ప్లేటు ఎక్కడ దొరికింది?" కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడెందుకురా అది?" అన్నాడు. నేను చెప్పాను. ఇది ఇది, అది గాలిని కొలుస్తుంది, తుఫానుని ముందే చెప్పడానికి పెట్టింది అని. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని చెప్పడం తేలిక.

మావయ్య అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "లోపల ఎనిమిది రోజులున్నామురా. చేప లేదు, డీజిల్ అప్పు. అక్కడొకటి తేలుతా ఉంది. దాని కింద చేప ఉంది. దాని మీద ఏదో రాసుంది, మాలో ఎవరికీ చదవడం రాదు. అది మీ అన్న కోసం పెట్టార్రా అని ఒక్కడు వచ్చి చెప్పుంటే, దాని మీద చెయ్యేసేవాడినా?"

అన్న అంటే పెద్ద మావయ్య.

నా దగ్గర దానికి సమాధానం లేదు. నేను చదువుకోవడానికి వెలిగిన లైటు, ఎక్కడో ఒక బోయాని చీకట్లోకి నెట్టింది. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల వేటలో ఉన్నవాళ్లకి అందాల్సిన ఒక అంకె అందకుండా పోయుండొచ్చు. నేను గ్రాఫులో చూసిన ఖాళీ సరిగ్గా ఆ బోయాదే అని చెప్పను. అంత డ్రామా వద్దు. కానీ అలాంటి ఖాళీల్లో మా ఇల్లు కూడా ఉంది.

మావయ్య మాటలో న్యాయం ఉంది. సముద్రంలో యంత్రం పెట్టడం ఒక ఇంజనీరింగ్ అయితే, దాన్ని అక్కడ బతికించడం ఇంకో ఇంజనీరింగ్. ఆ రెండోది ఓడలో కాదు, రేవులో జరగాలి. నియాట్ వాళ్లు మత్స్యకార గ్రామాలకి వెళ్లి అవగాహన సభలు పెడుతున్నారు. ఇంకా ఎక్కువ కావాలి. ఇది నా అభిప్రాయం: ఎంత మంచి సెన్సర్ పెట్టినా, ఉప్పాడలో వేటకెళ్లే కుర్రాడికి దాని ఫోటో తెలియకపోతే అది సగం పెట్టినట్టే. వాడి చేతిలో కూడా మన చేతిలో ఉన్నలాంటి ఫోనే ఉంది కదా.

ఇంకో సంగతి కూడా మావయ్యకి అప్పుడే చెప్పాను. 2004 సునామీ తర్వాత 2007 అక్టోబర్‌లో మన సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది కూడా ఈ ప్రగతి నగర్‌లోనే. దానికీ బోయాలున్నాయి. సముద్రం అడుగున కూర్చున్న ఒక యంత్రం తన మీదున్న నీటి బరువు తూకం వేస్తూ ఉంటుంది. వేల మీటర్ల నీటిలో కొన్ని సెంటీమీటర్ల తేడా వచ్చినా పట్టేస్తుంది. శబ్దంతో పైనున్న బోయాకి చెప్తుంది, బోయా శాటిలైట్‌కి చెప్తుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 భూకంపం వచ్చినప్పుడు విశాఖలో, చెన్నైలో జనం రోడ్ల మీదికొచ్చేశారు. అలలు చిన్నవే అని సముద్రంలోని కొలతలు చూపించాక కొన్ని గంటల్లో హెచ్చరికలు ఎత్తేశారు. రావట్లేదు అని చెప్పడం కూడా చాలా పెద్ద సాయం. ఊరికే పరిగెత్తించిన హెచ్చరికని రెండోసారి ఎవరూ నమ్మరు. ఆ మాట విని మావయ్య, "అదీ నిజమే. నాలుగుసార్లు రావద్దని, ఏమీ రాలేదనుకో, ఐదోసారి వెళ్లిపోతాం. మా అన్న అలా వెళ్లినోడే" అన్నాడు. ఆ సంగతి నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత సంక్రాంతికి ఊరెళ్లాను. డాబా మీద ఆ ప్లేటు ఇంకా ఉంది. పగిలిపోయింది, పని చేయట్లేదు. దాన్ని కిందికి దించాను. మావయ్య బోటులో పని చేసే కుర్రాళ్లని నలుగురిని కూర్చోబెట్టి ఆ ప్లేటు ముందు పెట్టి, ఫోన్‌లో బోయా ఫోటో చూపించాను. స్లయిడ్లు లేవు, ఏమీ లేవు. తెలుగులో చెప్పాను. దీనికి తాడు కట్టొద్దు, దీని దగ్గర వల వేయొద్దు, దూరంగా వేసుకోండి అని. ఒక కుర్రాడు అడిగాడు, "అన్నా, మేము చూసినప్పుడు దానికి ఏదైనా విరిగిపోయుంటే ఎవరికి చెప్పాలి?" చూడండి, ఎంత మంచి ప్రశ్నో. నాకు తట్టనేలేదు. కోస్ట్ గార్డ్‌కి గానీ, మత్స్యశాఖ వాళ్లకి గానీ చెప్పమన్నాను. అప్పుడే అక్కడే వాళ్ల ఫోన్లలో ఇన్‌కాయిస్ వాళ్ల సమాచారం ఎక్కడ దొరుకుతుందో చూపించాను. చేపలు దొరికే చోట్లు, అలల ఎత్తు, గాలి. ఇప్పుడు సముద్ర అనే యాప్ కూడా వచ్చింది.

ఈ మధ్య ఒక రోజు నేను స్టాండప్ మీటింగ్‌లో ఉన్నాను. మావయ్య ఫోన్. కట్ చేశాను. మళ్లీ చేశాడు. బయటికొచ్చి ఎత్తాను. అప్పుడే రేవుకి చేరాడట. "ఒరేయ్, మీ డబ్బా కనపడిందిరా" అన్నాడు. పసుపు రంగు, పైన రెండు పక్షులు కూర్చున్నాయట. లైటు వెలుగుతోందట. "చేప బాగా ఉంటదిరా దాని కింద, నీకు తెలుసు కదా" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది.

"కట్టలేదులే. చాలా దూరం నుంచే తిప్పేశాం. కుర్రోళ్లు వీడియో తీశారు, పంపిస్తాన్లే. అది సరే గానీ, రేపు మళ్లీ వెళ్దామనుకుంటున్నాం. గాలి ఎలా ఉందో చూసి చెప్పు."

మైండ్‌స్పేస్ బిల్డింగ్ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూశాను. అలలు రెండున్నర మీటర్లు, సాయంత్రానికి గాలి పెరుగుతుందని ఉంది.

"ఎల్లుండి వెళ్లు మావయ్యా" అన్నాను. సరే అన్నాడు.